పార్కింగ్ లాట్‌లో పడి ఉన్న పసుపు చీటీ గారికి

మహారాజశ్రీ స్టిక్కీ నోటు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే, తమరు నిన్న సాయంత్రమే ఏసీ గాలికి గోడ మీంచి రాలిపోయారు.

'కస్టమర్ అవసరాలు, బిజినెస్ లక్ష్యాలు ఒక్క తాటి మీదికి' అని నాలుగు గంటల వర్క్‌షాప్. గోడకి ఎడమవైపు కస్టమర్, కుడివైపు బిజినెస్. కస్టమర్ని పిలవాలని మాత్రం ఎవరికీ తోచలేదు. 'మీరే జంతువైతే ఏ జంతువు?' అన్న ఐస్‌బ్రేకర్‌కి, అంటే బెరుకు పోగొట్టే ప్రశ్నకి, నలభై నిమిషాలు. (అకౌంట్స్ ఆయన తాబేలన్నాడు. ఆ పూటంతా నిజం చెప్పింది ఆయనొక్కడే.) అవన్నీ పోనీండి.

మిమ్మల్ని రాసింది రోజూ ఫిర్యాదుల ఫోన్లెత్తే అమ్మాయి. మార్కర్ ఎండిపోతే రెండుసార్లు దిద్ది మరీ రాసింది: 'క్యాన్సిల్ బటన్ ఎక్కడుందో దొరకడం లేదు.' సరిగ్గా మీకెదురుగా మేనేజర్ గారి చీటీ: 'వదిలిపోయే కస్టమర్లని తగ్గించాలి.' అందరం రెండూ చదివాం. ఎవరం నోరెత్తలేదు. ఆ బటన్ దాచింది మేమే కదా, పోయినేడు ఇలాంటి వర్క్‌షాప్‌లోనే!

'మంచి పాయింట్' అంటూ వర్క్‌షాప్ నడిపే ఫెసిలిటేటర్ మిమ్మల్ని సుతారంగా పీకి, మూలనున్న 'పార్కింగ్ లాట్'లో, అంటే 'తర్వాత చూద్దాం' అన్న చీటీల చోట, అంటించాడు. అక్కడ పెట్టిన బండి మళ్లీ బయటికి రావడం నేనింతవరకూ చూడలేదు.

తర్వాత ఓటింగ్. నచ్చిన చీటీల మీద వెయ్యడానికి తలా మూడు చుక్కలు. పెద్దాయన చివర్న వెయ్యాలని ఈ పద్ధతి తెలిసినవాళ్లంతా చెప్తారు. మా పెద్దాయన అందరికంటే ముందు లేచి మూడూ 'యాప్‌కి కొత్త రంగులు' మీద వేశారు. రెండు నిమిషాల్లో ఆ చీటీకి ఆటలమ్మ పోసినట్టయింది. మీ దగ్గర దాపరికం ఎందుకు, నా మూడు చుక్కలూ అక్కడే ఉన్నాయి.

మీ పుట్టుక గుర్తొచ్చి మరీ ఒళ్లు మండింది. 1968లో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం తంటాలు పడుతుంటే, అంటీఅంటనట్టుండే మీ జిగురు పుట్టింది. ఏళ్ల తరబడి దాంతో ఏం చెయ్యాలో తెలియలేదు. చర్చి పాటల పుస్తకంలోంచి గుర్తు కాగితాలు జారిపోతున్నాయని అదే కంపెనీలో ఆర్ట్ ఫ్రై విసుక్కున్నాడు. ఆయన విసుగు, ఆ జిగురు ఒకచోట కలిశాయి. 1980కల్లా మీరు అమెరికా అంతటా అమ్మకానికొచ్చారు. ఒక మనిషి ఇబ్బందిలోంచి పుట్టినవారు మీరు. మిమ్మల్ని తెచ్చి, ఇంకో మనిషి ఇబ్బందిని మూలకి నెట్టడానికి వాడతామా? సిగ్గు లేదూ మాకు? జనం పొమ్మంటే పోనివ్వకుండా తలుపు దాచి, దాన్ని లక్ష్యం అని పిలుస్తాం!

అందరూ వెళ్లాక మిమ్మల్ని కుర్చీ కింద నుంచి ఏరి నా మానిటర్‌కి అంటించాను. పొద్దున వచ్చేసరికి మళ్లీ కీబోర్డ్ మీద బోర్లా పడి ఉన్నారు. ఈసారి సెల్లోటేప్ వేశాను. ఏమనుకోకండి.

ఇట్లు,
తాబేలు గారి పక్క కుర్చీ