రహస్యం ముద్ర లేని జాబితా

చిత్తూరులో ఒక జిల్లా కార్యాలయం. డ్రిప్ సబ్సిడీ రైతుల జాబితా మండలాలకు పంపాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టేద్దామని సూపరింటెండెంట్, కూడదని సీనియర్ అసిస్టెంట్.

సూపరింటెండెంట్: దీనిమీద రహస్యం అని ముద్ర ఎక్కడుందమ్మా? రేపు రైతు సేవా కేంద్రం గోడకు అంటించేదే గదా.

అసిస్టెంట్: గోడకెక్కేది పేరు, ఊరు, ఎకరాలు, సబ్సిడీ మొత్తం సార్. ఈ ఎక్సెల్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు కూడా ఉన్నాయి. ముద్ర ఉన్నా లేకపోయినా ఆధార్ నంబరు బయటపెట్టకూడదని 2016 ఆధార్ చట్టం సెక్షన్ 29లోనే ఉంది. పేరు, ఖాతా, సబ్సిడీ ఎంతో కరెక్టుగా చెప్పి ‘మీ డబ్బు ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి’ అంటే రైతు నమ్మకుండా ఎట్లుంటాడు?

సూపరింటెండెంట్: ఆ కాలమ్స్ హైడ్ చేసి పంపు.

అసిస్టెంట్: అన్‌హైడ్ నొక్కితే తిరిగొస్తాయి సార్. ఫిల్టర్ పెట్టినా మిగతా వరుసలు ఫైల్‌లోనే ఉంటాయి. కావలసినవి మాత్రమే కొత్త ఫైల్‌లోకి పేస్ట్ చేయాలి. పీడీఎఫ్‌లో నల్లడబ్బా పెట్టినా అంతే, చాలాసార్లు కింది అంకెలు కాపీ కొడితే వచ్చేస్తాయి. కాగితం మీద మార్కర్ పూస్తే వెలుతురుకు పట్టుకుని చదివేస్తారు. పూసినదాన్ని జిరాక్స్ తీసి, సరిచూసి, ఆ జిరాక్స్ ఇవ్వాలి.

సూపరింటెండెంట్: పరిశీలనకు మండలం వాళ్లకు ఖాతా నంబర్లు కావాలి గదా! నాకు సాయంత్రానికి రిపోర్టు కావాలి. వాట్సాప్‌లో మధ్యలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్షన్ ఉందంటా ఉంటారే.

అసిస్టెంట్: దారిలో ఉంది. చేరినాక ప్రతి ఫోన్‌లో ఒక కాపీ. బదిలీ అయిపోయిన వాళ్లు కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. ప్రింటు కోసం ఎదురుగా జిరాక్స్ షాపుకు పంపితే ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతుంది. పలమనేరుది పలమనేరుకే, కుప్పంది కుప్పానికే ప్రభుత్వ మెయిల్‌లో పంపుదాం. పాస్‌వర్డ్ ఫైల్ తెరవడానికే పెట్టాలి, షీట్ ప్రొటెక్ట్ చేస్తే మార్చలేరేగానీ చదవగలరు. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్తాం. అదే మెయిల్‌లో రాస్తే తాళంచెవి గుమ్మానికి తగిలించినట్టే.

సూపరింటెండెంట్: నా భయం వేరే అమ్మా. ఇది అలవాటైతే రేపు సమాచార హక్కు అర్జీ వచ్చినా ‘సున్నితం, ఇవ్వం’ అంటారు. జాబితా దాచిన చోటే అనర్హులు దూరతారు. అది నేను ఒప్పుకోను.

అసిస్టెంట్: నేనూ ఒప్పుకోను సార్. సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు అడక్కుండానే ప్రకటించాలని 2005 చట్టం సెక్షన్ 4 చెప్తుంది. ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10. ఎవరికి ఎంత ఇచ్చామో ఊరంతా చూడాలి. ఆ డబ్బు ఏ ఖాతాలో ఉందో మాత్రం ఊరికి పనిలేదు.

సూపరింటెండెంట్: తప్పులు పడిన ప్రింట్లు? వెనకవైపు డ్రాఫ్టులకు వాడతా ఉన్నాం, మిగిలింది కిలోల లెక్కన పాత పేపర్లకు వేస్తాం.

అసిస్టెంట్: నంబర్లున్నవి ఆ కట్టలో కలపకండి. పొడుగు పీలికలుగా కోసే మిషన్ అయితే ఓపికున్నవాడు అతికించుకోగలడు, అడ్డంగా కూడా ముక్కలు చేసేది కావాలి.

సూపరింటెండెంట్: దానికి ఇండెంట్ పెట్టు, సంతకం చేస్తా. మెయిళ్లు కూడా పంపు. గ్రూపు మాత్రం తీసేయను, మీటింగుల కబురుకు కావాలి.

అసిస్టెంట్: ఉంచండి సార్. బదిలీ అయిన వాళ్లను మాత్రం ఈపొద్దే తీసేయండి.