సవరణ: నల్లులకు ఎండ ఒక్కటే చాలదు

సినిమా హాళ్లు, రైళ్లు, లాడ్జీల నుంచి నల్లులు ఇంటికి రాకుండా ‘బట్టలు, బ్యాగు ఎండలో వేస్తే చాలు’ అని ముందు పోస్టులో ఉంది. ఆ వాక్యం తీసేశాం. ఎండ తగలగానే నల్లి కుట్టు మడతల్లోకి జారుకుంటుంది. గుడ్లు కూడా చావాలంటే దాదాపు 55 డిగ్రీల వేడి లోపలి దాకా తగలాలి.

కాబట్టి ఇంట్లోకి తెచ్చి దులపకండి. గుమ్మం దగ్గరే బట్టలు కవర్లో వేసి మూతి కట్టి, 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేనివి డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర 4 రోజులు ఉంచాలి. ఫ్రిజ్ కింది అర చల్లదనం దేనికీ చాలదు. బ్యాగు జిప్పు పక్క కుట్లు, చక్రాల సందులు టార్చి వేసి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు కనిపిస్తే అవి నల్లుల రెట్టలే కావచ్చు. కలరా ఉండల్ని నమ్ముకోకండి, బ్యాగులో వేసినా నల్లులు ఆగవు.