‘ఎందుకు’ అనని గొంతుకు ఒక సన్మానపత్రం

ఒడిశాలోని మా బరంపురం రేడియో అనౌన్సరు గారికి పౌర సన్మానం చేయాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. జీవితమంతా మైకు ముందు గడిపి, ఊరి సంగతులన్నీ ఊరికి చేరవేసి, ఒక్కటంటే ఒక్క వార్త కూడా చెప్పని మనిషి ఆయన. ఇంతటి నిగ్రహం పూర్వం మునులకు ఉండేదని విన్నాం. కళ్ళారా చూడటం ఇదే మొదలు.

అనుమానం ఉన్నవారి కోసం చట్టం సంగతి చెబుతాను. 2006 నాటి కమ్యూనిటీ రేడియో మార్గదర్శకాల ప్రకారం, స్థానిక సంస్థలు తమ ఊరి కోసం నడుపుకునే ఈ చిన్న స్టేషన్లు వార్తలు, వర్తమాన వ్యవహారాల జోలికి పోకూడదు. 2011లో ప్రైవేటు ఎఫ్ఎంల విధానం రాసేటప్పుడు ఢిల్లీ పెద్దలు ఇంకొంచెం శ్రమపడి, ఏవేవి వార్తలు కావో కూడా తేల్చిపెట్టారు. వాతావరణం, ట్రాఫిక్, పండుగలు, పరీక్షలు, ఉద్యోగ అవకాశాలు, తుఫాను హెచ్చరికలు, కరెంటు, మంచినీళ్ళ మీద ప్రకటనలు వార్తలు కావు. ఆకాశవాణి బులెటిన్‌ను మాత్రం అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చు. అంటే, రేపు కోర్టుపేటలో నీళ్ళు రావన్నది వార్త కాదు. ఢిల్లీలో ఎవరో ఎవరినో మర్యాదపూర్వకంగా కలిశారన్నది వార్త.

ఈ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మా అనౌన్సరు గారికి తెలిసినంతగా గీసినవారికి కూడా తెలియదు. ‘రేపు ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు కరెంటు ఉండదు’ అనడం సమాచారం. ‘ఎందుకు ఉండదంటే’ అని నోరు తెరిస్తే వార్త. గేట్ బజార్ రోడ్డు మీద గుంత ఉంది, జాగ్రత్తగా వెళ్ళండి అనడం ట్రాఫిక్. ఆ గుంత పోయిన ఏడాది కూడా అక్కడే ఉందనడం వర్తమాన వ్యవహారం. అందుకని ఆయన తన నిఘంటువులో నుంచి ఒకే ఒక్క ప్రశ్నను పెకలించి పారేసి, మిగిలినదానితో సంసారం నెట్టుకొస్తున్నారు.

మొదట్లో ఆయన క్యాజువల్ అనౌన్సరు. నెలకు ఆరు డ్యూటీలు. ఆరు రోజులు ఊరి గొంతు, మిగిలిన రోజులు బీమా ఏజెంటు. పెళ్ళిళ్ళలో వధూవరులను పరిచయం చేసేదీ ఆయనే, అప్పడాల కంపెనీ ఆటోలో వీధివీధికీ వినిపించేదీ ఆయన గొంతే. తరువాత ఒక చిన్న కమ్యూనిటీ స్టేషన్‌లో కుదురుకున్నారు. నిబంధనల ప్రకారం దాని శక్తి వంద వాట్లు, అంటే మా తాతగారి వీధి అరుగు మీద వెలిగే బల్బు అంత. ఆ వెలుగు ఊరి పొలిమేర దాటదు కాబట్టి కీర్తి కూడా దాటలేదు.

తెలుగువారికి ఇదే చాలా ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. అదే ఏడాది జూన్‌లో ఆలిండియా రేడియోకు ఆ పేరు పెట్టారు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినా, మా ఊళ్ళో తెలుగు గొంతు వినాలంటే చాలాకాలం విశాఖపట్నం మీడియం వేవ్ వైపు ముల్లు తిప్పి, గరగరల మధ్య చెవి ఆనించాల్సి వచ్చేది. వాళ్ళు ఇచ్ఛాపురం దాకా వానలు పడతాయని చెప్పేవారు. అక్కడి నుంచి మా ఊరు పాతిక కిలోమీటర్లు. మేఘాలు సరిహద్దు దగ్గర ఆగి, పత్రాలు చూపించి వస్తాయేమోనని గొడుగు తీసుకోకుండా బయలుదేరి తడిసిన పెద్దలు ఎందరో.

పక్క జిల్లా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం ఎంత పోరాడారో తెలిసిందే. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిశాక ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన అటు వెళ్ళగానే గ్రాంథికం ధైర్యం తెచ్చుకుని మా స్టూడియోలో దూరినట్టుంది. బయట ‘కరెంటు పోయిందండీ’ అనే అనౌన్సరు గారు మైకు ముందు ‘విద్యుచ్ఛక్తి సరఫరాయందు అంతరాయము సంభవించును’ అంటారు. వినేవాడు అర్థం చేసుకునే లోపల కరెంటు వచ్చేస్తుంది కూడా.

హాస్యం పక్కన పెట్టి ఒక్క మాట. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేదు, ఫోను లేదు. బ్యాటరీ రేడియో ఉన్న ఇంట్లో వీధి వీధంతా కూర్చుంది. ఆ రాత్రి ఎవరికీ ‘ఎందుకు’ అవసరం రాలేదు, తుఫానుకు కాంట్రాక్టరు ఉండడు కదా. తెల్లారాక పడిపోయిన స్తంభాలు ఎన్నాళ్ళకూ లేవకపోతేనే ఆ ప్రశ్న మళ్ళీ పుట్టింది. పుట్టగానే నిషిద్ధమైంది.

అయితే ఆయన నిగ్రహంలో ఒక సన్నని పగులు ఉంది, అది పాట. నడివేసవిలో నీళ్ళు రావన్న ప్రకటన చదివి, వెంటనే గోదావరి వరద మీద పాట వేస్తారు. రోడ్డు మరమ్మతు ప్రకటన తరువాత పడవ పాట. పాట వార్త కాదని ఏ మార్గదర్శకం చూసినా తెలుస్తుంది. టీ కొట్టు దగ్గర జనం ప్రకటన మధ్యలో మాట్లాడుకుంటారు, పాట రాగానే నిశ్శబ్దంగా వింటారు.

ఒక అధికారికి ఇది నచ్చలేదు. శ్రోత కోరిన పాటే వేశామని స్టేషన్ వారు జవాబు రాశారు. కోరిన శ్రోత ఎవరని మరో ఉత్తరం వచ్చింది. చివరికి, ఇకమీదట నీటి ప్రకటన తరువాత మాటలు లేని వాద్య సంగీతం మాత్రమే వేయాలని తీర్మానం జరిగింది. అనౌన్సరు గారు తలవంచి ఒప్పుకున్నారు.

మర్నాడు ప్రకటన అయ్యాక, దేశ నాయకులు కాలం చేసినప్పుడు రేడియోలో వచ్చే విషాద వీణ అరగంట సేపు మోగింది. స్టేషన్‌కు ఫోన్లే ఫోన్లు.

“ఎవరు పోయారండీ?”

“ఎవరూ పోలేదమ్మా. మీ వీధికి నీళ్ళు రావు, అంతే.”