పాఠం చెప్పినవాళ్లే పరీక్ష ఎందుకు పెట్టాలి?

కాలేజీకి వెళ్లకుండా సొంతంగా చదువుకుంటే పనికొస్తుందా అన్న చర్చ పాతదే. ఎంఐటీ తన పాఠాలన్నీ ఉచితంగా నెట్‌లో పెడతానని 2001లో ప్రకటించింది, 2012 నాటికి ఆన్‌లైన్ కోర్సుల హడావుడి మొదలైంది, ఆ తర్వాతి కథ అందరికీ తెలుసు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. చాలా సబ్జెక్టుల్లో సొంతంగా నేర్చుకోవడమే అసలు చదువు. కాలేజీలో బాగా చదివారని పేరు తెచ్చుకున్నవాళ్లు కూడా నిజానికి చేసింది అదే.

లెక్చర్ వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, వీడియో చూసినా అంతే. అన్నీ మూసేసి, తెల్లకాగితం ముందు పెట్టుకుని, ఇప్పుడే విన్నది సొంత మాటల్లో రాయబోతే మూడో లైన్ దగ్గర చెయ్యి ఆగిపోతుంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులతో ఒకే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, ఇంకొందరితో ఒక విడత చదివించి ఆ తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచేసరికి తలకిందులైంది: వాళ్లకు 40 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. పరీక్ష ముందురోజు బట్టీ పట్టింది తెల్లారితే ఎలా గట్టెక్కిస్తుందో, నెల తిరిగేసరికి ఎలా ఆవిరైపోతుందో ఇక్కడే తెలుస్తోంది.

నా అనుభవమే చెబుతాను. స్టాటిస్టిక్స్‌లో శాంపిల్ వేరియన్స్, అంటే నమూనాలోని అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, లెక్కకట్టేటప్పుడు సగటుతో ఉన్న తేడాల వర్గాలను కూడి, అంకెల సంఖ్య ఎన్‌తో కాకుండా ఎన్ మైనస్ 1తో భాగిస్తారు. కాలేజీలో ఆ ఫార్ములా ఎన్నిసార్లు రాశానో, ఫుల్ మార్కులూ వచ్చాయి, ఎందుకలా అని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్లకు పని కోసం మళ్లీ చదవాల్సి వచ్చి ఓ రాత్రి 2, 4, 9 అని మూడు అంకెలు రాసుకుని కూర్చున్నాను. సగటు 5. తేడాలు మైనస్ 3, మైనస్ 1, ప్లస్ 4. కూడితే సున్నా. అంకెలు మార్చి చూశాను, మళ్లీ సున్నానే. అంటే రెండు తేడాలు తెలిస్తే మూడోది దానంతటదే తేలిపోతుంది, కొత్త విషయం చెప్పేవి రెండే, అందుకే మూడుతో కాక రెండుతో భాగించడం! ఆ రాత్రి కలిగిన సంతోషం నాకు ఏ మార్క్‌షీట్ చూసినా కలగలేదు.

వీడియోలు చూసి సర్జరీ నేర్చుకోమని ఎవరూ అనరు. ఆన్‌లైన్ కోర్సుల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మధ్యలోనే వదిలేస్తారన్నదీ నిజమే. వాళ్లకు కావలసింది తోటివాళ్లు, తప్పు చూపించే ఒక మనిషి, ఒక గడువు. ఇవి దొరకాలంటే నాలుగేళ్లు ఒక క్యాంపస్‌కు కట్టుబడి ఉండాలా? తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే మొదట పుస్తకాలు బైండింగ్ చేసే కుర్రాడు. 1812లో పేరున్న రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, నోట్సు రాసుకుని, దాన్ని తన చేత్తోనే బైండ్ చేసి ఆయనకే పంపాడు, మరుసటి ఏడాది ఆయన ల్యాబ్‌లో సహాయకుడయ్యాడు. డేవీ చూసింది ఆ నోట్సు.

నన్ను అసలు బాధపెట్టేది ఇక్కడే ఉంది. పాఠం చెప్పే అధికారం, పరీక్ష పెట్టే అధికారం ఒకరి చేతిలోనే ఉండిపోయాయి. అందుకే ఒక మనిషికి ఎంత వచ్చినా, ఎక్కడ చదివావన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నాడు. వేరు చేయడం కుదరదంటారా? లండన్ యూనివర్సిటీ 1858లోనే చేసి చూపించింది. వైద్యం మినహా తన డిగ్రీ పరీక్షలను, ఎక్కడ ఎలా చదివారన్నదానితో పని లేకుండా తెరిచేసింది. మొదట మగవాళ్లకే, 1878 నుంచి ఆడవాళ్లకు కూడా. గుర్రపు బళ్ల కాలంలో సాధ్యమైంది ఇవాళ ఎందుకు కాదు? పరీక్ష ఎంత కఠినంగానైనా పెట్టండి, రోజుల తరబడి పెట్టండి, ఎదురుగా కూర్చోబెట్టి నోటితో చెప్పమనండి, చేసి చూపించమనండి. హాజరు శాతం మాత్రం అడగొద్దు.