ఇంట్లో వేడి బయటకు పోతోందా? అయితే మీరు హనుమకొండలో లేరు

‘విలువైన వేడి’ అని రాశారు. మే నెల, మధ్యాహ్నం రెండున్నర, హనుమకొండలో 44 డిగ్రీలు, కరెంటు పోయి అరగంట, ఇన్వర్టర్ కూడా కూతలు మొదలుపెట్టింది. సరిగ్గా ఆ ముహూర్తానికి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ప్రెసిడెంట్ సాబ్ ఒక పీడీఎఫ్ వదిలారు. పేరు ‘మీ ఇంట్లోని విలువైన వేడి వృథాగా బయటకు పోతోందా? మీ చేతులతో మీరే ఆపుకోండి’. కింద రెండు దండాల బొమ్మలు, ఒక గులాబీ, అందరూ తప్పక చదవాలని ఒక ఆజ్ఞ. ఐదు నిమిషాల్లో గ్రూపంతా బొటనవేళ్ళు లేపింది. ఎవరూ చదవలేదని వేరే చెప్పాలా, చదివితే లేపుతారా?

నేను చదివాను. కరెంటు లేదు, వేరే పని లేదు.

ప్రెసిడెంట్ సాబ్ కొడుకు మాంచెస్టర్‌లో ఉంటాడు, పాపం అతని తప్పేం లేదు. అక్కడి పాత ఇళ్ళలో చలికాలం ఆరు నెలలు గ్యాస్ మండుతూనే ఉండాలి, బిల్లు చూస్తే జ్వరం వస్తుంది, కాబట్టి ఇంట్లో పుట్టిన వేడి ఇంట్లోనే ఉండాలని వాళ్ళ తాపత్రయం. ఏ రక్షణా లేని ఇంట్లో పావు వంతు వేడి పైకప్పులోంచే పోతుందట, అందుకని అటక మీద 270 మిల్లీమీటర్ల మందాన దూది లాంటి ఖనిజ ఉన్ని పరుస్తారు. గదిని వేడెక్కించడానికి గోడకున్న రేడియేటర్ వెనక వెండి కాగితం అంటిస్తారు, వేడి గోడలోకి పోకుండా గదిలోకే తిరిగి వస్తుందని. వాడని పొగగొట్టంలో బెలూన్ ఊది ఇరికిస్తారు. తలుపుకున్న ఉత్తరాల కంతకు బ్రష్షు, తాళం కంతకు మూత, తలుపు కింద సందుకు పాత గుడ్డలు కుక్కిన పొడుగాటి దిండు. పొద్దు గూకగానే మందం పరదాలు. అన్నీ నిజమైన మాటలే, అన్నీ పనికొచ్చేవే. మాంచెస్టర్‌లో.

మన దగ్గర ఉత్తరాల కంత లేదు, ఉత్తరాలే లేవు. పొగగొట్టం ఉన్న ఇల్లు ఈ కాలనీలో చూసినవాళ్ళు ముందుకు రావచ్చు. అటక ఉంది, దాని మీద బతుకమ్మకు తీసే ఇత్తడి పళ్ళేలు, పెళ్ళికి వచ్చిన మూడు డిన్నర్ సెట్లు, పెద్దోడి ఇంటర్ గైడ్లు ఉంటాయి, అది మన ఖనిజ ఉన్ని. తలుపు కింద పొడుగాటి గుడ్డ దిండు పెట్టే సాహసం ఎదురింటి వాళ్ళు ఒక్క రాత్రి చేశారు, తెల్లవారుజామున పాలబ్బాయి అది చూసి పామనుకుని పాల ప్యాకెట్లు మెట్ల మీద పారేసి పోయాడు, ఇప్పటికీ కిందనుంచే కేకేస్తాడు.

ఇదంతా ఊరికే నవ్వి వదిలేసేదాన్ని. కానీ పీడీఎఫ్‌లో నాలుగో పేజీ ఉంది. అగరుబత్తి పరీక్ష.

ఆ పరీక్ష ఏమిటంటే, గాలి వీచే రోజు చూసుకుని కిటికీలు, తలుపులు అన్నీ మూసి, వెలిగించిన అగరుబత్తిని చట్రాల అంచుల వెంట మెల్లగా తిప్పాలి, పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నట్టు, ఆ సందు మూస్తే వేడి మిగిలినట్టు. ప్రెసిడెంట్ సాబ్ రిటైరైన మనిషి, ముప్పై ఏళ్ళు తనిఖీలు చేసిన చెయ్యి, దానికి మళ్ళీ పని దొరికింది. ఆదివారం పొద్దున ఏడు గంటలకు బయల్దేరారు. ముందు ఆయన, చేతిలో వెలిగించిన రెండు అగరుబత్తులు, వెనక నోటు పుస్తకంతో ట్రెజరర్, ఆ వెనక పొడుగు స్టూలు మోస్తూ వాచ్‌మన్. మొదటి ఫ్లాటు తలుపు కొట్టారు. లోపలినుంచి పెద్దమ్మ వచ్చింది, ఆమె చూసింది పొగ, చూసింది పుస్తకం, కొంగు తల మీదికి లాక్కుంది.

“ఏంది సారూ, మా ఇంట్ల ఏమన్న దోషం ఉన్నదా?”

“దోషం కాదమ్మా, లీకేజీ.”

“మొన్ననే ప్లంబర్ అచ్చి పోయిండు గదా.”

“నీళ్ళది కాదమ్మా, వేడిది. మీ ఇంట్లో వేడి బయటికి పోతున్నది.”

పెద్దమ్మ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. “పోతే పోనియ్యి బిడ్డా! అది పోతా అంటే నువ్వెందుకు ఆపుతున్నవ్?”

శాస్త్ర చర్చ అక్కడితో ముగిసిపోవాల్సింది. ముగియలేదు. ఆమె లోపలికెళ్ళి పసుపు కుంకుమలు తెచ్చి కిటికీ చట్రానికి బొట్లు పెట్టింది, ఎందుకైనా మంచిదని. పక్క ఫ్లాటు ఆమె ఇది చూసి వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గేసింది. మూడో ఫ్లాటుకు చేరేసరికి కొబ్బరికాయ సిద్ధంగా ఉంది, కొట్టాల్సింది ఎవరో తెలియక అందరూ ట్రెజరర్ వైపు చూశారు, ఆయన కొట్టేశారు, ఒక చెక్క తీసుకున్నారు కూడా. పుస్తకంలో మాత్రం వరసగా ‘ఫెయిల్, ఫెయిల్, ఫెయిల్’ అని రాస్తూనే ఉన్నారు, ఎందుకంటే అన్ని ఇళ్ళలోనూ పైన ఫ్యాన్ ఐదు మీద తిరుగుతోంది, దాని కింద పొగ వణకడం కాదు, నాట్యం చేస్తోంది. ఫ్యాన్ ఆపమని అడిగే ధైర్యం తనిఖీ బృందానికి లేదు.

చివరికి అయిదో అంతస్తు, ఎండ నేరుగా పడే స్లాబు కిందున్న ఫ్లాటు. అందులో కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే కుర్రాడు అద్దెకుంటాడు, రాత్రంతా నిద్ర లేక తడి టవల్ భుజం మీద వేసుకుని తలుపు తీశాడు. కిటికీలు మూయాలన్నారు. “మూస్తే చస్తం సార్” అన్నాడు. పరీక్ష కోసం రెండు నిమిషాలే అన్నారు. మూశాడు. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. పొగ నిట్టనిలువుగా, దారం లాగినట్టు, సీలింగ్ దాకా లేచింది. ప్రెసిడెంట్ సాబ్ కళ్ళు మెరిశాయి. గాలి అనే పదార్థం చొరబడని ఒకే ఒక్క ఫ్లాటు! అపార్ట్‌మెంట్ మొత్తానికి ఫస్ట్. కుర్రాడికి కరచాలనం చేశారు, వాచ్‌మన్ స్టూలు మీదికెక్కి ఫొటో తీశాడు. ఫొటోలో ఆ కుర్రాడి ముఖం మీద కారుతున్నది ఆనందబాష్పాలని గ్రూపులో ఒకరు రాశారు.

సాయంత్రానికి నివేదిక వచ్చింది. సందులన్నిటికీ రబ్బరు పట్టీలు వేయించాలి, ఫ్లాటుకు వెయ్యి రూపాయలు, పేరు ‘వేడి పరిరక్షణ నిధి’.

ఆ డబ్బులో ఎంతో కొంతతో సున్నం బస్తాలు కొని స్లాబు మీద రెండు పూతలు పూయిస్తే ఆ కుర్రాడు నిద్రపోతాడు, ఈ ముక్క నేను జనరల్ బాడీలో చెప్పి చెప్పి అలిసిపోయాను. కాంక్రీటు స్లాబు పొద్దంతా ఎండ తాగి, రాత్రి ఆ వేడినంతా కింది గదిలోకి వదులుతుంది. పద్మాక్షి గుట్ట బండ మీద రాత్రి ఎనిమిదింటికి కూర్చుని చూసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. తెల్లటి పూత ఎండను మింగకుండా తిప్పి పంపుతుంది. పగలు కిటికీలు మూసి తడకలు దించాలి, బయటి గాలి చల్లబడ్డాక అన్నీ బార్లా తెరవాలి. ఇంతే మన శాస్త్రం, మాంచెస్టర్‌ది తిరగేసుకోవడమే. రాష్ట్రం దీనికోసం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, 2028 దాకా. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు తప్పనిసరి. ఇళ్ళ విషయానికొస్తే 600 గజాలు, అంతకు మించిన స్థలముంటేనే తప్పనిసరి, తక్కువైతే మీ ఇష్టం. రేకుల ఇల్లు ఆరొందల గజాల్లో ఎవరు కడతారో నాకు తెలియదు. రేకుల కింద ఉడికేవాళ్ళకు ‘మీ ఇష్టం’ అని చెప్పడం కూడా ఒక విధానమే. మా ప్రెసిడెంట్ సాబ్‌కైతే సున్నం పూస్తే బిల్డింగ్ లుక్కు పోతుందని బాధ. లుక్కు. అయిదో అంతస్తు పైకప్పు లుక్కు. ఎవరు చూస్తారు సార్, గద్దలా?

సరే, మావాళ్ళ సంగతి వదిలేయండి. తలుపు కింద సందు ఒక పెద్ద విషయమయ్యే చోటు నిజంగా ఉంది, దానికి మాంచెస్టర్ దాకా పోనక్కర్లేదు. కరీంనగర్, మంచిర్యాల దాటి ఆసిఫాబాద్ వైపు తిరగండి. సిర్పూర్(యు), తిర్యాణి, ఉట్నూరు చుట్టుపక్కల గూడేలు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ ఐదారు డిగ్రీలకు పడిపోతుంది. పొద్దున టీవీలో ఆ అంకె చూసి మనం ‘అబ్బో’ అని దుప్పటి సర్దుకుంటాం. ఇల్లు 18 డిగ్రీల కన్నా చల్లబడితే ఆరోగ్యానికి మంచిది కాదని, చలి ప్రాంతాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో రాసిపెట్టింది. ఆ ప్రాంతాల లిస్టులో మన ఏజెన్సీ ఉందా లేదా అని వాదించదల్చుకున్నవాళ్ళు జనవరిలో అక్కడికెళ్ళి వాదించండి, స్వెట్టర్ విప్పి.

అక్కడ నేను చూసిన ఒక హాస్టల్ గదిలో కిటికీకి ఆరు పలకలుండాలి, రెండున్నాయి. మిగతా నాలుగింటిలో ఒకదానికి అట్టముక్క, ఒకదానికి సిమెంటు సంచి, రెండింటికి ఏమీ లేదు. తలుపు కింద రెండు వేళ్ళు కాదు, నాలుగు వేళ్ళ సందు. నేల మీద బండలు, బండల మీద పలుచని పట్టా, పట్టా మీద ఇద్దరేసి పిల్లలు ఒక్క దుప్పటిలో, ఒకరి చలి ఒకరు పంచుకుంటూ. పైన నీళ్ళు కాచే సోలార్ ట్యాంకు ఉంది, దాని పైపు ఎక్కడికీ వెళ్ళదు. పొద్దున ఐదున్నరకు బెల్లు, చన్నీళ్ళు, పెదాలు నల్లబడ్డ గోండు పిల్ల నా వైపు చూసి నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ నా చమత్కారమంతా ఎండిపోతుంది, క్షమించాల్సిన పని లేదు.

ఎందుకంటే ఇది కష్టమైన విద్య కాదు. పడుకున్న పిల్ల ఒంట్లోంచి వేడిని ఎక్కువగా లాగేసేది నేలబండ, కాబట్టి కింద మందం పెరగాలి. వరిగడ్డి, గోనెసంచులు, అట్టలు, ఏవైనా సరే, చాలావరకు ఆపేది వాటి మధ్య చిక్కుకుని కదలని గాలి. మా అమ్మమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి బొంత కుట్టేది, ఆమెకు ఏ పీడీఎఫూ రాలేదు. కురుమలు దక్కని గొర్రె బొచ్చుతో నేసే గొంగడి వానకూ చలికీ సరిపోయేది, ఇప్పుడది సన్మానాల్లో భుజాల మీద కప్పి ఫొటో తీసుకునే వస్తువైంది. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి సొంత సరుకే అన్న ముద్ర, వచ్చింది, కొత్తవాడలో మగ్గాలున్నాయి, ఆర్డర్లు కావాలి, ఏజెన్సీ పిల్లల కిందకి జంపఖానాలు కావాలి, ఈ రెండు వాక్యాలనూ కలిపే ఆఫీసరు ఒక్కడు పుట్టలేదా? ఆదిలాబాద్ అంటే పత్తి. జిల్లా నిండా, రోడ్ల నిండా, లారీల నిండా పత్తి. ఆ జిల్లా పిల్లకు రెండు కిలోల దూది పరుపు లేదు!

పలకలు పోయిన కిటికీకి ప్లాస్టిక్ పొర బిగించుకోవడం మాంచెస్టర్ చిట్కాల్లోనూ ఉంది. ప్లాస్టిక్‌కు మనకేం కొరత. ప్రతి చౌరస్తాలో నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు మొలుస్తాయి, ఒక్క పుట్టినరోజుకు కట్టినవి విప్పితే ఒక హాస్టల్ కిటికీలన్నిటికీ రెండేసి పొరలు వస్తాయి. నాయకుడి నవ్వు లోపలి వైపు ఉండాలా బయటి వైపు ఉండాలా అన్న దాని మీద కావాలంటే ఒక సమీక్ష పెట్టుకోండి. ఆ ముఖం పిల్లలకు ఉపయోగపడిన మొదటి సందర్భం అదే అవుతుంది.

ఇవన్నీ కూడా చేతగాని రోజుకు చేసుకునే ఏర్పాట్లే. అసలు కావాల్సింది కిటికీకి పలక, తలుపుకు కింద పట్టీ, తలా ఒక మందం దుప్పటి, వేడినీళ్ళు. దుప్పట్ల ఫైలు సంక్రాంతి దాటాక కదిలితే అది దుప్పటి కాదు, వెక్కిరింత. దసరా సెలవుల్లో హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి, ఒక వడ్రంగికి రెండు మూడు రోజుల పని, పలకలకు కొలతలు తీసుకోవడానికి టెండరు అక్కర్లేదు, టేపు చాలు. బడ్జెట్‌లో ఆ పద్దు లేదంటారా సార్? మీ ఛాంబర్ తలుపు కిందికి వంగి చూడండి, ఏసీ చల్లదనం బయటికి పోకుండా నల్లటి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. అది ఏ పద్దు కింద కొన్నారో ఆ పద్దే.