ముందు కట్టండి, ఆ తర్వాతే కూల్చండి

ఇంటర్ కాలేజీ పోటీలకు నెల రోజులు కూడా లేవు. ఇలాంటి సమయంలో మన బరంపురంలో ఒక కాలేజీ వాలీబాల్ హాలు తలుపు మీద నోటీసు అంటించారు. పది రోజుల్లో ఖాళీ చేయాలట. నెట్టు, స్తంభాలు, బంతుల సంచులు అప్పుడే వరండాలోకి వచ్చి పడ్డాయి. ఏ కాలేజీయో ఊరందరికీ తెలుసు కాబట్టి ఆ కథంతా మళ్లీ ఏకరువు పెట్టడం లేదు. హాలు పాతబడింది, కూల్చి కొత్తది కడతాం అంటోంది యాజమాన్యం. కొత్త హాలు కావాలా వద్దా అంటే కావాలి. అందులో ఈ పత్రికకు రెండో మాట లేదు. మమ్మల్ని భయపెడుతున్నది వేరే. కొత్తదానికి ప్లాను ఎవరూ చూపించలేదు. టెండరు పిలవలేదు. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు. కూల్చడానికి మాత్రం తేదీ ఖాయం చేశారు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం. ఇక్కడ ఏట్లో దిగకముందే తగలేస్తున్నారు.

నోటీసు పడిన మర్నాడు ఉదయం ఐదున్నరకు మేం అక్కడికి వెళ్లాం. నెట్టు, స్తంభాలు అప్పటికింకా బయట పడలేదు, అమ్మాయిల జట్టు ప్రాక్టీసులో ఉంది. రాత్రి వాన పడింది. కప్పు కారి గచ్చు మీద రెండు చోట్ల నీళ్లు నిలిచాయి. ఒక అమ్మాయి పాత దుప్పటి ముక్కతో ఆ నీళ్లు ఒత్తి బకెట్లో పిండుతోంది. ఆమె లేచి పక్కకు జరగ్గానే ఆట మొదలవుతుంది, నాలుగు ర్యాలీలు కాగానే మళ్లీ ఆగుతుంది. చికిటి నుంచి వచ్చిన పిల్ల బంతి కోసం ‘నాది!’ అని అరిస్తే, పక్కనున్న ఒడియా పిల్ల అదే మాటను తన భాషలో ‘మోర!’ అని అరుస్తుంది. ఎవరు ఎవరికి వదలాలో చూపుల్లోనే తేలిపోతుంది. రోజూ కలిసి ఆడితే తప్ప రాని అలవాటు అది. మోకాళ్లకు క్రేప్ బ్యాండేజీలు చుట్టుకుని ఆడుతున్నవాళ్లు ఒకరిద్దరు కాదు. సిమెంటు గచ్చు మీద రోజుకు వంద సార్లు ఎగిరి దిగితే మోకాలి చిప్ప కింద వాచిపోవడం ఈ ఆటలో అందరికీ తెలిసిన బాధే.

హాలు పనికిరాదనడానికి యాజమాన్యం ఇంజినీరు రిపోర్టు చూపించనక్కర్లేదు. టేపు పట్టుకుంటే చాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉండాలి. పైన 7 మీటర్ల ఎత్తు వరకు ఏ అడ్డూ ఉండకూడదు. ఇవి పెద్ద పోటీల కోసం పెట్టిన షరతులు కావు, మామూలు ఆటకు కావలసిన కనీస కొలతలు. ప్రపంచ స్థాయి పోటీలకైతే పైన పన్నెండున్నర మీటర్లు కావాలి. ఇక్కడ వెనక గీత దాటి రెండడుగులు వేస్తే గోడ తగులుతుంది. పరిగెత్తి, ఎగిరి, గాల్లో సర్వీస్ కొట్టడానికి చోటే లేదు. ఈ హాల్లో తయారైన ఆటగాళ్లలో జంప్ సర్వ్ బాగా వచ్చినవాళ్లు అరుదు అంటే అది వాళ్ల చేతకానితనం కాదు, ఆ గోడ వాళ్లను పరిగెత్తనివ్వలేదు.

ఇక ఇనుప దూలాలు. అవి కోర్టు మీద 7 మీటర్లకన్నా చాలా కిందనే ఉన్నాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం బంతి కప్పుకు తగిలితే అవుట్, పాయింటు అవతలి జట్టుది. ఈ హాల్లో అలా లెక్కేస్తే ఆటే సాగదు. అందుకని ఎప్పటి నుంచో ఇక్కడ ఒక సొంత రూలు నడుస్తోంది. బంతి దూలానికి తగిలితే ‘లెట్’, సర్వీస్ మళ్లీ మొదలు. దాని ఫలితం ఏమిటో కోచ్ మాకు అరగంట చెప్పారు. మొదటి పాస్ ఎత్తుగా లేపితే దూలానికి తగులుతుందని పిల్లలు కిందకే ఆడటం నేర్చుకుంటారు. స్మాష్ కొట్టేవాళ్లకు బంతి లేపి అందించే సెట్టర్‌కు బంతి కిందకు దూరడానికి సమయం దొరకదు. ఇక్కడ మూడేళ్లు అలా ఆడి, బయట పెద్ద హాలుకు వెళ్లేసరికి బంతి ఎంత ఎత్తు వెళ్లొచ్చో అంచనా తప్పుతుంది. ప్రత్యర్థి ఎత్తుగా లేపిన బంతి కిందకు దిగుతుంటే మనవాళ్లు తలెత్తి చూస్తూ నిలబడిపోతారు. ఈ లోపం కోచింగుతో పోయేది కాదు. సున్నం వేస్తేనో, రేకులు మారిస్తేనో కూడా పోదు. కప్పే ఎత్తు కావాలి. అందుకే కొత్త హాలు కావాలంటున్నాం.

రేకుల సంగతి కూడా చెప్పాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర గంటకు 200 కిలోమీటర్ల వేగంతో తీరం దాటినప్పుడు మన జిల్లాలో లేచిపోని కప్పు ఏది? ఈ హాలు రేకులూ లేచిపోయాయి. 2018లో తిత్లీ వచ్చినప్పుడు అతుకులేసినవి మళ్లీ ఊడాయి. కొన్ని కొత్త రేకులు, కొన్ని పాత ఆస్‌బెస్టాస్ రేకులు, మధ్యలో తారు పూసిన గోనెపట్టా. విరిగిన ఆస్‌బెస్టాస్ నుంచి రాలే పొడి ఊపిరితిత్తులకు విషం. దాని కింద పిల్లలు రోజూ రొప్పుతూ గాలి పీలుస్తున్నారు. (కూల్చే రోజున ఆ రేకులను తడపకుండా గునపాలతో పగలగొడితే ఆ పొడి పక్కనున్న హాస్టల్ దాకా వెళ్తుంది. కాంట్రాక్టరుకు ఇది ఎవరైనా చెప్పారా?)

పాత విద్యార్థుల్లో కొందరు ఆ హాలును ముట్టుకోవద్దంటున్నారు. వాళ్ల అభిమానాన్ని మేం గౌరవిస్తాం, కానీ జ్ఞాపకాల కోసం ఇప్పటి పిల్లల మోకాళ్లు బలిపెట్టలేం. యాజమాన్యం మాటలోనూ కొంత నిజం ఉంది. పాత కప్పు కింద ప్రమాదం జరిగితే బాధ్యత వాళ్లదే. కాలేజీ నడపడానికి డబ్బు కావాలి, ఖాళీ స్థలం ఊరికే ఉంచలేరు. సరే. ప్రమాదమంటే కప్పు కింద ఆట ఆపించి రేకులు మార్చాలి. డబ్బు కావాలంటే అడగాలి. ఈ రెండు కారణాల్లో ఏదీ ‘ముందు కూల్చేద్దాం, తర్వాత చూద్దాం’ అనడానికి సరిపోదు.

ఆ ‘తర్వాత చూద్దాం’ అన్నమాటే మాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఒకసారి ఆట స్థలం ఖాళీ నేల అయ్యిందంటే దాని మీద అందరి కళ్లూ పడతాయి. మొదటి ఏడాది అక్కడ ఇటుకలు, కంకర దించుతారు. రెండో ఏడాది స్టాఫ్ బైకులకు షెడ్డు వేస్తారు. మూడో ఏడాది ‘ఇక్కడ హాలు ఎందుకు, ఎవరు ఆడుతున్నారు’ అని మీటింగులో ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికి జట్టు చెదిరిపోయి ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లుండరు. డిగ్రీ మూడేళ్లు. హాలు లేని మూడేళ్లంటే ఒక తరం పూర్తిగా పోయినట్టే. సీనియర్ల దగ్గర జూనియర్లు నేర్చుకునే గొలుసు ఒకసారి తెగితే, ఎంత పెద్ద స్టేడియం కట్టినా ఆ జట్టు తిరిగి రాదు.

ఈ ఒక్క కాలేజీతో ఆగుతుందా అంటే ఆగదు. గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో పాత హాళ్లు, పాత మైదానాలు ఉన్న కాలేజీలన్నీ ఇటే చూస్తున్నాయి. పట్టణం నడిబొడ్డున స్థలం, పెరిగిన ధరలు. ప్లాను లేకుండా, డబ్బు చూపించకుండా, జట్టుకు వేరే చోటు ఇవ్వకుండా ఒక హాలు కూల్చడం ఇక్కడ చెల్లిందంటే రేపు ప్రతిచోటా చెల్లుతుంది. ‘బరంపురంలో చేశారు కదా’ అన్న ఒక్క మాట చాలు. ఇవాళ మనం ఊరుకుంటే ఆ మాట మన చేతులతో మనమే రాసిచ్చినట్టు.

దీనికి తోడు మొన్నటి నుంచి ఇంకో మాట వినిపిస్తోంది. కింద దుకాణాలు, పైన ‘మల్టీపర్పస్’ హాలు, పెళ్లిళ్లకు అద్దెకిస్తారు, మిగిలిన రోజుల్లో ఆటలు. యాజమాన్యం దీన్ని అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కాదని ఒక్క ముక్క రాసిస్తే ఈ పేరా మేం రాసేవాళ్లమే కాదు. పెళ్లి హాలుకు నున్నటి టైల్స్ వేస్తారు. వాలీబాల్ నేల జారకూడదని రూలు పుస్తకంలోనే ఉంది. పెళ్లి హాలుకు ఫాల్స్ సీలింగు, వేలాడే దీపాలు కావాలి. మళ్లీ 7 మీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి? నెట్టు స్తంభాలకు నేలలో గట్టి గుంతలు కావాలి, మండపం వేసేవాళ్లకు అవి కాళ్లకు అడ్డం. అన్నింటికన్నా ముఖ్యం కాలం. మాఘమాసం ముహూర్తాలూ యూనివర్సిటీ పోటీలూ వచ్చేది ఆ చలి నెలల్లోనే. ఆ వారం హాలు ఎవరికిస్తారు? అద్దె కట్టేవాళ్లకా, అడ్మిషన్ రోజున స్పోర్ట్స్ ఫీజు కట్టిన పిల్లలకా? కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ‘మాకు ఇండోర్ హాలు ఉంది’ అని ఫోటోలతో ఫైలు పెట్టడానికి పనికొచ్చిన హాలు, బృందం వెళ్లిపోగానే శిథిలం ఎలా అయింది?

మన ఒడిశా ఆటలకు పెట్టింది పేరని పెద్దలు ప్రతి వేదిక మీదా చెబుతారు. నిజమే. 2018 హాకీ ప్రపంచకప్ భువనేశ్వర్‌లో జరిగింది. 2023లో మళ్లీ భువనేశ్వర్‌లోనూ, కొత్తగా కట్టిన రూర్కెలా స్టేడియంలోనూ జరిగింది. దేశ హాకీ జట్టు జెర్సీల మీద ఒడిశా పేరు ఉంటుంది. మొదటి ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడలు 2020లో భువనేశ్వర్‌లోనే. పట్టణాల్లో 89 మల్టీపర్పస్ ఇండోర్ స్టేడియాలు కడతామని 2021లో ప్రభుత్వం ప్రకటించింది. వీటన్నిటికీ మేం చప్పట్లు కొట్టాం, ఇప్పుడూ కొడతాం. కానీ భువనేశ్వర్ ఇక్కడికి నూట డెబ్బై కిలోమీటర్లు. తెల్లవారుజామునే ఇచ్ఛాపురం బస్సు పట్టుకుని వచ్చే పిల్లకు కళింగ స్టేడియం ఏం ఉపయోగం? ఆ స్టేడియాల్లో ఆడాల్సినవాళ్లు తయారయ్యేది ఇలాంటి కారే కప్పుల కిందే. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచాక మన పురుషుల వాలీబాల్ జట్టుకు ఆ క్రీడల్లో పతకం లేదు. దానికి కారణాలు ఢిల్లీలోనే కాదు, ప్రతి జిల్లాలోనూ ఇలాంటి నోటీసుల్లో ఉన్నాయి.

బయట ఆడుకోండి, మైదానం ఉంది కదా అని కాలేజీ కమిటీ సభ్యుడొకరు అన్నారట. జూన్ నుంచి అక్టోబరు దాకా మన దగ్గర వాన ఎప్పుడు పడుతుందో ఆయనకు తెలియదా? ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటితే మైదానంలో కాలు పెట్టగలరా? సాయంత్రం చీకటి పడ్డాక దీపాలు లేని మైదానంలో తమ ఆడపిల్లను వదిలే తల్లిదండ్రులు ఎందరు? ఈ హాలుకు నాలుగు గోడలు, ఒక తలుపు, తలుపుకు గడియ, పక్కన ఒక బట్టలు మార్చుకునే గది ఉన్నాయి. ఆ గడియను చూసే చాలా ఇళ్లలో ఆటకు ఒప్పుకున్నారు. హాలు పోతే అబ్బాయిలు ఎక్కడో ఒకచోట నెట్టు కట్టుకుంటారు, ఆట మానేసేది అమ్మాయిలే. ఈ మాట కోచ్ అన్నారు, పీఈటీలు అన్నారు, మేం మాట్లాడిన ఇద్దరు తండ్రులూ అన్నారు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. హాస్టల్ వెనక కాలేజీదే ఖాళీ జాగా ఉంది. కోర్టు, దాని చుట్టూ ఖాళీ కలిపి 24 మీటర్లకు 15 మీటర్లు అక్కడ తేలిగ్గా వస్తాయి, కూర్చోవడానికి మెట్లు కూడా పడతాయి. ఇనుప ఫ్రేము మీద ఎత్తు కప్పు వేసి, తుపాను గాలిని తట్టుకునేలా బోల్టులు బిగించి కట్టే హాళ్లు నెలల్లో లేస్తున్నాయి. నేలకు సింథటిక్ మ్యాటో, చెక్కో వేయండి. అది పూర్తయి, అందులో మొదటి మ్యాచ్ జరిగిన మర్నాడు పాతది కూల్చుకోండి, మేం అడ్డు చెప్పం. అందాకా పాత హాలుకు విరిగిన రేకులు మార్చి, గచ్చు మీద మ్యాట్ పరిచి వాడుకోనివ్వండి. డబ్బు చాలకపోతే పాత విద్యార్థులను అడగండి, ఎమ్మెల్యే నిధులు అడగండి, ఈ పత్రికనూ అడగండి. ప్లాను, అంచనా, కాలేజీ వాటా ఎంత, ఎప్పటికి పూర్తి అన్న నాలుగు వివరాలతో ఒక కాగితం నోటీసు బోర్డు మీద పెట్టి అడగండి. ఆ కాగితం లేకుండా గునపం ఎత్తితే మాత్రం అది కొత్త హాలు కోసమని ఎవరూ నమ్మరు.

కమిటీలో ఉన్నవాళ్లలో ఇద్దరు ఆ హాల్లోనే ఆడి, అప్పట్లో గెలిచిన కప్పులతో దిగిన ఫోటోలు ఇప్పటికీ ఆఫీసు గోడకు తగిలించుకున్నారు. ఆ ఇద్దరినీ అడుగుతున్నాం. మీరు ఆడేటప్పుడు మీ సీనియర్లు పది రోజుల నోటీసు ఇచ్చి నెట్టు వరండాలో పారేసి ఉంటే, ఆ ఫోటోల్లో మీరు ఉండేవారా? సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఉదయం వెళ్లి ఆ పిల్ల దుప్పటి పిండటం చూశారా? చూడకుండా సంతకం పెట్టారు. ఇది సిగ్గుపడాల్సిన పని, సరిదిద్దుకోవడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ నోటీసును మీరే వెళ్లి చింపండి. వరండాలో ఉన్న స్తంభాలను మళ్లీ గుంతల్లో నిలబెట్టించండి. తాళం చెవి కోచ్ చేతికివ్వండి. పొద్దున్న ఐదింటికి జట్టు గేటు దగ్గర ఉంటుంది.