సవరణ: అది ‘లీడింగ్’ కాదు, ‘లెడ్డింగ్’

అచ్చుపని మాటల మీద కిందటిసారి రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. చదివినవాళ్లు క్షమించాలి.

వరుసల మధ్య ఎడాన్ని ‘లీడింగ్’ అన్నాను. చూపును కింది వరుసకు నడిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందనీ రాశాను. అది తప్పు. ఆ మాట ‘లెడ్’ నుంచి, అంటే సీసం నుంచి పుట్టింది. చేత్తో టైపు, అంటే లోహపు అచ్చు అక్షరాలు, కూర్చే రోజుల్లో వరుసల మధ్య సన్నటి సీసపు పట్టీలు పెట్టేవారు. కాబట్టి ‘లెడ్డింగ్’ అనే పలకాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. అప్పట్లో లెడ్డింగ్ అంటే ఆ పట్టీ మందం మాత్రమే. ఇప్పుడు కంప్యూటర్లో ఒక వరుస అక్షరాలు కూర్చునే గీత నుంచి తర్వాతి వరుస గీత దాకా మొత్తం దూరాన్ని అలా అంటున్నారు. 12 పాయింట్ల (పాయింటు అంటే అచ్చుపనిలో వాడే చిన్న కొలత) టైపుకు 2 పాయింట్ల పట్టీ వేస్తే ఇప్పటి లెక్కలో 14. తెలుగుకు ఇది చాలా ముఖ్యం: ‘రాష్ట్రం’లో వత్తులు ఎంత కిందికి దిగుతాయో చూడండి. ఇంగ్లిషుకు సరిపోయే ఎడం ఇస్తే అవి కింది వరుస గుడులకు తగులుతాయి.

రెండోది, ‘12 పాయింట్లు’ అక్షరం ఎత్తు అన్నాను. కాదు, అది అక్షరాన్ని మోసే సీసపు దిమ్మె కొలత. అందుకే ఒకే సైజులో ఉన్నా ఒక ఫాంటు పెద్దగా, ఇంకొకటి చిన్నగా కనిపిస్తుంది.